తప్పుల్లేని మెయిలుకే మోసపోయాను

సంపాదకుల వారికి,

నమస్కారాలు.

బ్యాంకుల పేరు పెట్టుకుని వచ్చే దొంగ ఈ-మెయిళ్ల గురించి మీ పత్రిక జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. అనుమానాస్పదంగా కనిపించే లింకులు నొక్కవద్దని, అక్షరదోషాలున్న మెయిళ్లను నమ్మవద్దని చెప్పే ఆ రెండు వాక్యాలూ నాకు కంఠతా వచ్చు. కంఠతా వచ్చి ఉండి కూడా కిందటి కార్తీకమాసంలో 38,000 రూపాయలు పోగొట్టుకున్నాను. ఆ హెచ్చరికల్లో ఏముందో ఏం లేదో చెప్పడానికి నాకు కొంత అర్హత వచ్చిందనే ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే మన్నించగలరు.

నేను ముప్పై రెండేళ్లపాటు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. అంబాజీపేటకు దగ్గర్లో, కాలువ గట్టున మా ఇల్లు. ఎదుటివారు రాసిన కాగితం చేతికొస్తే విషయం కంటే ముందు తప్పులు కనిపించడం నాకు వృత్తి అంటగట్టిన జబ్బు; శుభలేఖ అందుకున్నా ముహూర్తం కంటే ముందు ముద్రారాక్షసాలే కంటబడతాయి. దొంగ మెయిలంటే తప్పుల తడకగా ఉంటుందని, అలాంటిది నా కన్ను దాటి పోలేదని ఒక ధీమా ఉండేది. ఆ ధీమాయే నా కొంప ముంచింది.

ఆ రోజు కార్తీక సోమవారం. ఉపవాసం ఉన్నాను. మధ్యాహ్నం రెండు దాటాక, నా పింఛను ఖాతా ఉన్న బ్యాంకు పేరుతో ఒక మెయిలు వచ్చింది. పైన బ్యాంకు ముద్ర, అడుగున సన్నని అక్షరాల్లో నిబంధనలు, మధ్యలో ఇంగ్లీషులో ఒక పేరా, దాని కింద తెలుగులో మరో పేరా. ‘ప్రియమైన ఖాతాదారు’ అని ఊరకే సంబోధించకుండా ఇంటిపేరుతో సహా నా పేరు పూర్తిగా రాసి ఉంది. కేవైసీ (ఖాతాదారు గుర్తింపు) వివరాల గడువు ఆ రాత్రి 11.59 గంటలకు ముగియనున్నందున, ఆపై ఖాతా లావాదేవీలు నిలుపుదల చేయబడునని అందులోని సారాంశం. ఆ పేరాలో నాకు ఒక్క దోషం కూడా దొరకలేదు. ‘చేయబడును’ వంటి కర్మణి ప్రయోగాలు నాకు కిట్టవు గానీ, బ్యాంకుల వాళ్లు ఎప్పుడూ అలాగే రాస్తారు కాబట్టి అది కూడా నా నమ్మకాన్ని పెంచిందే తప్ప తగ్గించలేదు. కింద నీలి రంగు పలక మీద ‘వివరాలు ధ్రువీకరించండి’ అని ఉంది. నొక్కాను.

తెరుచుకున్న పేజీ నేను నెలనెలా పింఛను పడిందో లేదో చూసుకునే పేజీయే అన్నట్టుంది. యూజర్ ఐడీ అడిగింది, ఇచ్చాను. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను. ఫోనుకు ఆరంకెల ఓటీపీ వచ్చింది, కొట్టాను. సరిచూస్తున్నాం, దయచేసి వేచి ఉండండి అంటూ ఒక చక్రం తిరిగింది. కాసేపటికి, మొదటి ఓటీపీ గడువు తీరినందున రెండోది పంపామని, అది నమోదు చేయమని అంది. అదీ కొట్టాను. మళ్లీ చక్రం. ‘ఏమండీ, మీ ఫోను ఇందాకణ్ణుంచి టింగుమంటోంది, చూశారా?’ అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసేదాకా నేను ఆ చక్రాన్నే చూస్తూ కూర్చున్నాను. అప్పటికే ఖాతాలోంచి 38,000 రూపాయలు వెళ్లిపోయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చి ఉంది.

మా అమ్మాయి కొడుకు భీమవరంలో ఇంజినీరింగు చదువుతున్నాడు. వాడికి ఫోన్ చేస్తే, ఏం జరిగిందని కూడా అడగకుండా, ముందు 1930కి ఫోన్ చేయండి తాతగారూ అని పెట్టేశాడు. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరది. ఆ వారాంతంలో ఇంటికొచ్చి నా ఫోను తీసుకుని మెసేజ్‌లు చూస్తూ వాడు అడిగిన ప్రశ్నే ఈ ఉత్తరం రాయడానికి కారణం. ‘తాతగారూ, ఇందులో అంకెలు మాత్రమే చూశారా? వాటి ముందున్న వాక్యం చదవలేదాండీ?’ అన్నాడు. చదివాను, అప్పుడు. రెండో మెసేజ్‌లో, 38,000 రూపాయలను ఫలానా అంకెలతో ముగిసే ఖాతాకు బదిలీ చేయడానికి ఓటీపీ ఇది, ఎవరికీ చెప్పవద్దు అని స్పష్టమైన ఇంగ్లీషులో ఉంది. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాస్తారని ముప్పై రెండేళ్లు పిల్లలకు చీవాట్లు పెట్టిన నోరు నాది.

జరిగినదేమిటో మనవడు విడమరిచి చెప్పాక గానీ నాకు బోధపడలేదు. నేను దొంగ పేజీలో కొడుతున్నవన్నీ అప్పటికప్పుడు దొంగ చేతికి చేరుతున్నాయి. వాటినే అతను అవతల అసలు బ్యాంకు వెబ్‌సైటులో కొడుతున్నాడు. అసలు బ్యాంకు అసలు ఓటీపీని నా అసలు ఫోనుకే పంపింది. అందులో నకిలీ ఏదీ లేదు. నేను ఆ అంకెలు కొట్టిన చోటు ఒక్కటే నకిలీ. అందువల్ల, ‘మెసేజ్ నిజంగానే బ్యాంకు నుంచి వచ్చింది కదా’ అని ధైర్యపడటం ఎంత తప్పో నాకు అనుభవం మీద తెలిసింది. ఓటీపీ వచ్చినప్పుడు అంకెల జోలికి పోకముందు, ఇది దేనికి ఇస్తున్న అనుమతి, ఎంత మొత్తానికి, ఎవరికి అన్న మూడు సంగతులూ చూడాలి. అవి ఆ మెసేజ్‌లోనే ఉంటాయి. కేవైసీ కోసమని కూర్చున్నవాడికి డబ్బు బదిలీ ఓటీపీ వచ్చిందంటే, ఆ ఒక్క పొంతన లేనితనమే చాలు, అన్నీ మూసేసి లేవడానికి. కాకపోతే ఆ వాక్యం ఇంగ్లీషులో ఉంటుంది. మా వీధిలో ఇంగ్లీషు రాని ఖాతాదారులే ఎక్కువ. వాళ్లకు అంకెలు తప్ప మరేమీ కనిపించవు. ఈ సంగతి మళ్లీ చెబుతాను.

ఇక అక్షరదోషాల సలహా. ఒకప్పుడు అది పనికొచ్చేదే. ఇప్పుడు కృత్రిమ మేధ చేత ఏ భాషలోనైనా చక్కని వాక్యం రాయించుకునే వీలుంది. బ్యాంకు ముద్రను, రంగులను, అక్షరాల పొందికను అసలు పేజీ నుంచి ఉన్నవున్నట్టు దించుకోవచ్చు. మన పేరు, ఫోను నంబరు ఎక్కడెక్కడో ఇచ్చి ఉంటాం, అవి ఎక్కడో చోట బయటపడే ఉంటాయి. కాబట్టి మెయిలు అందంగా ఉండటం, మన పేరుతో ఉండటం, తప్పుల్లేకుండా ఉండటం ఇవేవీ సాక్ష్యాలు కావు. తప్పులుంటే దొంగది అనుకోవచ్చు గానీ, తప్పులు లేవు కాబట్టి మంచిది అనుకోవడానికి లేదు. తర్కం తెలిసినవారికి ఇది చిన్న విషయమే. నాకు మాత్రం 38,000 రూపాయల పాఠం.

మన గోదావరి వాళ్లకు ఈ సంగతి మరోలా తెలుసు. వరద నీళ్లు ఎర్రగా దిగే రోజుల్లో పులస కొనబోయేవాడు చేప నిగనిగ చూసి డబ్బు తీయడు. సముద్రంలో ఉన్నంతకాలం విలస అనిపించుకునే ఆ చేప, ఏటికి ఎదురీది మన నీళ్లలోకి వచ్చాకే పులస అవుతుంది. ఒడిశా వైపు నుంచి ఐసుపెట్టెల్లో దిగిన చేపను గోదావరి పులసని అంటగట్టేవాళ్లు ఉన్నారని, చూపుకు రెంటికీ తేడా తెలియదని కొనేవాళ్లకు తెలుసు. అందుకే ఎవరి వలలో పడింది, ఏ రేవులో దిగింది అని అడుగుతారు. మెయిలు విషయంలోనూ అడగవలసింది ఆ ప్రశ్నే. రూపం సంగతి వదిలేసి, ఏ రేవు నుంచి వచ్చిందో చూడాలి.

ఆ రేవు పేరు చదవడం ఎలాగో ఏ పోస్టరూ మాకు చెప్పలేదు కాబట్టి, నేను నేర్చుకున్నంత మేరకు ఇక్కడ రాస్తాను. ఫోనులో మెయిలు తెరిస్తే పంపినవారి చోట బ్యాంకు పేరు మాత్రమే కనిపిస్తుంది. ఆ పేరు ఎవరైనా తమకు నచ్చినట్టు పెట్టుకోగలిగినది. దాని మీద వేలుతో తాకితే గానీ అసలు చిరునామా బయటపడదు. చిరునామా వేరే ఏదో అయితే అక్కడితో తేలిపోతుంది. సరిగ్గా ఉన్నంత మాత్రాన నమ్మడానికి మాత్రం లేదు, ఎందుకంటే తగిన రక్షణ లేని చోట పంపినవారి చిరునామాను కూడా ఫోర్జరీ చేయగలరు. ఇక లింకు. నీలి పలక మీద ఏం రాసి ఉన్నా, దాని వెనక ఉన్న చిరునామా వేరు. ఫోనులో అయితే ఆ పలకను నొక్కి వదలకుండా పట్టుకుంటే, కంప్యూటరులో అయితే మౌసు బాణాన్ని నొక్కకుండా దాని మీద ఉంచితే, ఆ చిరునామా కనబడుతుంది.

అది చదవడంలోనే అసలు కిటుకు ఉంది. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసేవారిని గమనించండి. చిరునామాలో మన పేరు, ఇంటి నంబరు, వీధి పైన ఉన్నా, వాళ్ల చూపు ముందు అడుగున ఉన్న పిన్‌కోడు మీదికి, ఊరి మీదికి వెళుతుంది. వెబ్ చిరునామాను కూడా అలాగే చివరి నుంచి చదవాలి. ముందుండే రెండు వాలుగీతలు పోనిచ్చి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి వాలుగీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమకు వెనక్కి రావాలి. ఆ చివర ఉన్నదే ఊరు. దానికి ఎడమ పక్కన ఎన్ని పేర్లున్నా అవన్నీ ఆ ఊళ్లోని వీధులే. వీధికి ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. నాకొచ్చిన మెయిలులో బ్యాంకు పేరు ముందే ఉంది, దాని తర్వాత చుక్క, ఆ తర్వాత కేవైసీ అని, ఇంకో చుక్క, చిట్టచివర బ్యాంకుతో ఏ సంబంధమూ లేని ఒక పేరు. ముందున్న పేరు చూసి నేను తృప్తిపడ్డాను. ఇవి కాక, ఇంగ్లీషు ఆర్, ఎన్ అక్షరాలను పక్కపక్కన పెట్టి ఎమ్ అనిపించడం, ఓ అక్షరం బదులు సున్నా, ఎల్ బదులు ఒకటి పెట్టడం లాంటి కనికట్లు ఉన్నాయి. అరవై దాటిన కళ్లకు చిన్న ఫోనులో ఆ తేడా పట్టుబడదని నిజాయితీగా ఒప్పుకోవాలి.

ఈ బాధ తెలిసే కాబోలు, రిజర్వు బ్యాంకు 2025లో ఒక మంచి పని చేసింది. మన దేశపు బ్యాంకులు తమ వెబ్‌సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అని ముగిసే చిరునామాలకు మార్చుకోవాలని ఆదేశించి, 2025 అక్టోబరు 31ని గడువుగా పెట్టింది. ఆ పేర్లను నమోదు చేసే అధికారం, రిజర్వు బ్యాంకే నెలకొల్పిన, హైదరాబాదులో ఉన్న ఐడీఆర్‌బీటీ సంస్థకు మాత్రమే ఇచ్చింది. అంటే డాట్ కామ్ పేరులాగా దారినపోయే దానయ్య డబ్బు కట్టి ఈ పేరు కొనుక్కోలేడు. ఇది సామాన్యుడికి చెప్పదగిన గుర్తు. చివర చుక్క బ్యాంక్ చుక్క ఇన్ ఉందా, ఉంటే అది నిజంగా చివరేనా? ‘బ్యాంక్ డాట్ ఇన్’ తర్వాత మళ్లీ చుక్క పెట్టి మరో పేరు ఉన్నా, చుక్కల బదులు మధ్యలో అడ్డగీత ఉన్నా అది బ్యాంకు ఊరు కాదు. నా సొమ్ము పోయిన నాటికి ఈ గడువు దాటి ఎక్కువ రోజులు కూడా కాలేదు. మా బ్రాంచికి నేను నెలకు రెండుసార్లు వెళతాను. బంగారం మీద అప్పు ఎంత వడ్డీకి ఇస్తారో చెప్పే ఫ్లెక్సీ గుమ్మం కంటే పెద్దది కట్టి ఉంది. చిరునామా మారిన సంగతి చెప్పే అరకాగితం కూడా నా కంటబడలేదు.

ఇక్కడే తాళంకప్ప గుర్తు గురించీ ఒక మాట. చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే ఆ సైటు భద్రమని చాలామంది చెబుతారు. నేనూ నమ్మాను, నాకు దొరికిన దొంగ పేజీకి శుభ్రమైన తాళం ఉంది. ఆ తాళానికి అర్థం, మనకూ ఆ సైటుకూ మధ్య నడిచే సమాచారాన్ని దారిలో వేరొకరు చదవలేరని మాత్రమే. అవతల ఉన్నవాడు ఎవరన్నది దానికి పట్టదు. లొల్ల లాకుల దగ్గర నిలబడి చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నీటిని నిలిపి, వదిలి, పడవను క్షేమంగా దాటించడం లాకు పని. పడవలో ఉన్నది దొరా దొంగా అని లాకు అడగదు.

తొందరపెట్టడం గురించి కూడా కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే నన్ను పడగొట్టింది ఆ ‘ఈ రాత్రి 11.59’ అన్న మాటే. పింఛను ఆగిపోతుందంటే పింఛనుదారుకు కాళ్లాడవు. కానీ కేవైసీ గురించి రిజర్వు బ్యాంకు నిబంధనలు చూస్తే, అలాంటి గడువు ఉండటానికి వీలే లేదని తెలుస్తుంది. నష్టభయం తక్కువని బ్యాంకు లెక్కగట్టిన ఖాతాదారుకు పదేళ్లకొకసారి, మధ్యస్థమైతే ఎనిమిదేళ్లకొకసారి, ఎక్కువైతే రెండేళ్లకొకసారి కేవైసీ సరిచూడాలి. వివరాల్లో ఏ మార్పూ లేకపోతే ఆ మాట స్వయంగా ధ్రువీకరిస్తే సరిపోతుంది. పైగా 2025 జూన్‌లో చేసిన సవరణ ప్రకారం, గడువుకు ముందు బ్యాంకు కనీసం మూడుసార్లు తెలియజేయాలి, అందులో ఒకటైనా ఉత్తరం రూపంలో ఉండాలి. గడువు దాటాక కూడా కనీసం మూడుసార్లు గుర్తుచేయాలి, అందులోనూ ఒక ఉత్తరం ఉండాలి. పోస్టుమాన్ చేతి మీదుగా కాగితం రాకుండా, ఒక్క మెయిలుతో, ఒక్క రాత్రితో ఖాతా ఆగిపోతుందని ఎవరైనా రాస్తే అది ఈ నిబంధనకే విరుద్ధం. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసి ఉంటే ఆ రోజు ఫోను పక్కన పెట్టి, సాయంత్రం దీపం పెట్టుకుని, ఫలహారం చేసి, మర్నాడు బ్రాంచికి వెళ్లి ఉండేవాడిని.

ఎరలు అనేకం. ఇంగ్లీషులో ఈ మోసానికి పెట్టిన ‘ఫిషింగ్’ అన్న పేరే చేపలు పట్టడమనే మాట నుంచి వచ్చింది. గాలం వేసేవాడు చేపను బట్టి ఎర గుచ్చుతాడు. మా కోనసీమలో ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారంటే పెద్ద అతిశయోక్తి కాదు. వాళ్లకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉన్నవారు ఇక్కడ తెరిచే ఖాతా) స్తంభింపజేస్తామంటూ మెయిలు పోతుంది. బ్రాంచికి వెళ్లి కనుక్కునే వీలు వాళ్లకు లేదు, దేశం కాని దేశంలో ఆ భయం రెట్టింపు. మరో రకం మెయిలు డబ్బు అడగదు, లింకు కూడా ఇవ్వదు. మీ ఖాతా నుంచి 18,999 రూపాయలు ఖర్చయ్యాయి, మీరు చేయకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటుంది. మనమే ఫోన్ చేస్తాం, అవతల తీయని గొంతుతో దొంగ ఉంటాడు. అందుకే నంబరు ఎప్పుడూ ఏటీఎం కార్డు వెనక నుంచో, పాస్‌బుక్ నుంచో తీసుకోవాలి, మెయిలు నుంచి కాదు. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికేదాన్ని కూడా నమ్మలేం. జత చేసిన ఫైళ్లది వేరే కథ. వాట్సాప్‌లోనో మెయిలులోనో బ్యాంకు యాప్ అంటూ ఏపీకే ఫైలు (యాప్‌ను ఫోనులోకి ఎక్కించే ఫైలు) వస్తే దాన్ని ఫోనులో వేసుకోగానే, మెసేజ్‌లు చదివే అనుమతి పొంది, మన ఓటీపీలను మనకంటే ముందు అదే చదువుకుంటుంది. యాప్ కావాలంటే ప్లేస్టోరులోనే తీసుకోవాలి. క్యూఆర్ కోడు పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు జమ అవుతుందనేవాళ్లూ ఉన్నారు. యూపీఐ పిన్ డబ్బు ఇవ్వడానికి కావాలి గానీ పుచ్చుకోవడానికి అక్కర్లేదు.

ఇంత జాగ్రత్త అందరికీ సాధ్యమా అంటే, కాదనే నా అభిప్రాయం. చిరునామాలు చివరి నుంచి చదవమంటే మా ఆవిడ నవ్వింది. ఆమె పెట్టుకున్న నియమం నా పాండిత్యం కంటే మేలైనది. మెయిలు నిజమైనా కాకపోయినా సరే, మెయిలు చూపిన దారిలో బ్యాంకుకు వెళ్లదు. అవసరమైతే ఫోనులో తాను ఎప్పటినుంచో వాడుతున్న యాప్ తెరుస్తుంది, లేదా బస్సెక్కి బ్రాంచికి వెళుతుంది. నిజంగా పని ఉంటే ఆ రెండు చోట్లా కనిపిస్తుంది కదా అంటుంది. నాకు కాదనడానికి ఏమీ తోచలేదు.

పోయిన డబ్బు సంగతి. 1930కి ఫోన్ చేసినప్పుడు డబ్బు పోయి సుమారు నలభై నిమిషాలైంది. ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, మెసేజ్‌లో ఉండే లావాదేవీ సంఖ్య అడిగారు. చేతులు వణుకుతుంటే ఆ పన్నెండంకెలు చదవడానికి మూడుసార్లు తడబడ్డాను. ఇవి ముందే కాగితం మీద రాసుకుని ఫోన్ చేస్తే ఆ నిమిషాలు మిగులుతాయి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేయాలి. ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందంటే, ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్లి, ఇంకా అక్కడ మిగిలి ఉన్న మొత్తాన్ని కదలకుండా పట్టి ఉంచుతారు. దొంగలు మాత్రం నిమిషాల్లో ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి ఇంకో దానికి ముక్కలుగా తరలిస్తారు. నా 38,000లో 11,000 మాత్రమే దొరికింది, మిగిలినది అప్పటికే ఏటీఎంలో తీసేశారన్నారు. ఆ ఖాతాలు దొంగల పేరున ఉండవు. నాలుగు వేలో ఐదు వేలో తీసుకుని తన పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అద్దెకిచ్చిన ఏ కుర్రాడివో అయి ఉంటాయి. పోలీసులు ముందు పట్టుకునేది వాడినే. మన ఊళ్లలో ఖాళీగా ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈ వాక్యం ఒకటికి రెండుసార్లు చదవాలని కోరుతున్నాను.

బ్యాంకు నాకు పరిహారం ఇవ్వలేదు, ఆ విషయంలో నేను వారిని తప్పుపట్టను. నా సొమ్ము పోయిన నాటికి అమల్లో ఉన్న, రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఉత్తర్వు ప్రకారం, తప్పు అటు బ్యాంకుదీ ఇటు ఖాతాదారుదీ కాకుండా మరెక్కడో జరిగినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారు మీద ఏ భారమూ పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య అయితే మామూలు పొదుపు ఖాతాకు 10,000 రూపాయల వరకే భారం. కానీ పాస్‌వర్డు, ఓటీపీ తానే ఇచ్చుకున్న ఖాతాదారు, ఫిర్యాదు చేసే క్షణం దాకా పోయినదంతా తానే భరించాలి. ఆ తర్వాత పోయేది మాత్రం బ్యాంకుది. అందుకే ఎంత సిగ్గుగా ఉన్నా వెంటనే బ్యాంకుకు చెప్పి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. నాకు తెలిసిన ఇద్దరు విశ్రాంత ఉద్యోగులు, కొడుకులకు తెలిస్తే చులకనవుతామని ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నారు. బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చినది సరిగా లేకపోయినా, ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకునే వీలుంది.

నా ఫిర్యాదల్లా వేరు. ఖాతాదారులను జాగ్రత్తగా ఉండమనే బ్యాంకులు, తమ మెయిళ్లను దొంగ మెయిళ్ల నుంచి వేరుచేసి చూపే పని తాము చేయడం లేదు. మెయిలులో లింకు నొక్కవద్దని ఒక మెయిలు పంపుతారు. ఆ వారమే పండుగ అప్పు కావాలంటే ఇక్కడ నొక్కండని మరో మెయిలు, రంగురంగుల పలకతో సహా, వాళ్లే పంపుతారు. నొక్కడం అలవాటు చేసినవారే నొక్కినందుకు తప్పుపట్టడం ఏం న్యాయం? ఖాతాకు, కేవైసీకి సంబంధించిన మెయిళ్లలో లింకులే పెట్టబోమని బ్యాంకులు ఒక మాట మీదికి వస్తే, లింకు ఉన్నదల్లా దొంగదేనని చదువురానివారు కూడా చెప్పగలుగుతారు. అదేవిధంగా ఓటీపీ మెసేజ్ తెలుగులో రావాలి. మొత్తం ముందు, ఎవరికి అన్నది తర్వాత, అంకెలు చివర ఉండాలి. అంకెలు ముందుంటే ఎవరూ వాక్యం దాకా వెళ్లరు, నేనే వెళ్లలేదు. పాస్‌బుక్ మొదటి పేజీలో బ్యాంకు కొత్త వెబ్ చిరునామాను, ఫోను నంబరును పెద్ద తెలుగు అక్షరాల్లో ముద్రించడానికి అయ్యే ఖర్చు ఆ ఫ్లెక్సీ ఖర్చు కంటే తక్కువే ఉంటుందనుకుంటాను.

మీ పత్రికకూ ఒక విన్నపం. జాగ్రత్తగా ఉండండి అని రాసినన్నాళ్లూ ఎవరికి వారు తాము జాగ్రత్తగానే ఉన్నామనుకుంటారు. దానికి బదులు, నిజంగా వచ్చిన దొంగ మెయిలు ఒకదాని బొమ్మను జిల్లా పేజీలో వేసి, ఎక్కడ ఏం చూడాలో బాణం గీసి చూపించండి. వారానికొకటి చాలు. నాకొచ్చిన మెయిలును తుడిచేయకుండా ఉంచాను. మనవడి సాయంతో దాని ప్రతి తీయించి, నా పేరు, ఖాతా అంకెలు కొట్టివేసి, చివర ఉన్న అసలు ఊరి పేరు కింద ఎర్ర సిరాతో గీత గీసి ఈ ఉత్తరానికి జతచేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
అంబాజీపేట మండలం, కోనసీమ.